ఇంజను నీళ్లు తాగే చోటు

తొంభై ఎనిమిదిలో మా మిరపకాయలు రావిగుంట స్టేషను ప్లాట్‌ఫారం మీద ఎండాయి.

పెద్ద పట్టాలు వేస్తామని లైను మూసేసి అప్పటికి రెండేళ్లు కావస్తోంది. పాత చిన్న పట్టాలు పీకి లారీల్లో వేసుకుపోయారు. కొత్తవి వేసే పని ఎక్కడో దూరాన మొదలై మా వైపు మెల్లగా పాక్కుంటూ వస్తోంది. ఈలోగా మిగిలింది ఖాళీ కట్ట, నాపరాళ్లు పరిచిన ప్లాట్‌ఫారం. మిరప రైతుకి అంతకంటే మంచి కల్లం ఎక్కడ దొరుకుతుంది? ఎత్తుగా ఉంటుంది, చెమ్మ తగలదు, పొద్దుగూకినా రాళ్లలో వేడి పోదు. ముందు నేను పోశాను. నన్ను చూసి మిగతావాళ్లు పోశారు. శివరాత్రి వచ్చేసరికి సిగ్నలు కంబం నుంచి గేటు దాకా కట్టంతా ఎర్రగా పరుచుకుంది. అటుగా వెళ్లేవాళ్లు ముక్కుకి పైపంచె అడ్డం పెట్టుకుని, రైలు నడవాల్సిన చోట కాయలు చూసి నోరు తెరిచి నిలబడేవాళ్లు. మాకూ వింతగానే ఉండేది. రైలు లేని స్టేషను, పెళ్లివారు వెళ్లిపోయిన పందిరిలా ఉంటుంది.

రావిగుంటలో స్టేషను సెంటరే ఊరు. దొరల కాలంలో కట్టిన రాతి గూడ్సు షెడ్డు, ఎర్ర ఇటుకల క్వార్టర్లు, రైల్వేవాళ్ల కోసం మిషనువాళ్లు కట్టిన చిన్న చర్చి, ఒక సత్రం, రెండు వరసల కొట్లు. అన్నింటి గుమ్మాలూ స్టేషను వైపే. మిగతా ఊరు వాటి వెనకాల పుట్టింది. బొగ్గు ఇంజను అక్కడ నీళ్లు పట్టుకునేది. ఏనుగు తొండం లాంటి ఇనప గొట్టాన్ని దాని నెత్తి మీదికి తిప్పి వదిలితే ఇరవై నిమిషాలు తాగేది. ఆ ఇరవై నిమిషాలూ బండిలో జనమంతా దిగి సెంటరు మీద పడేవాళ్లు.

వాళ్లలో సగం మంది మా బావ యలమందయ్య హోటలుకే వచ్చేవాళ్లు. మా అక్క హనుమాయమ్మ లోపల గారెలు వేస్తుంటే, బావ స్టీలు గ్లాసుల్లో టీ, మజ్జిగ పట్టుకుని బండి పొడుగునా తిరిగేవాడు. దిగలేనివాళ్లకి కిటికీల్లోంచి అందించేవాడు. ఇచ్చేటప్పుడు బండి ఆగి ఉండాలి, గ్లాసులు తీసుకునేటప్పుడు కదులుతూ ఉండాలి. అది ఆయన పద్ధతి. జనం ఆఖరి గుక్క దాకా నింపాదిగా తాగాలనేవాడు. కూత వేశాక కూడా ఆ బండి పడుకున్న గేదె లేచినట్టు మూలుగుతూ లేచేది. బావ దాని పక్కనే నడుస్తూ, ఆ కిటికీలోదీ ఈ కిటికీలోదీ అందుకుంటూ, చివరి రెండు మూడు గ్లాసుల కోసం మెట్టు మీద ఒక కాలు వేసి వేలాడి, గేటు దగ్గర దిగిపోయేవాడు. ఒక్క గ్లాసు కూడా రైలుతో పోనివ్వలేదని ఆయన గొప్ప. యలమందయ్య దిగాడో లేదో చూసుకునే గార్డు జెండా మడుస్తాడని సెంటర్లో నవ్వుకునేవాళ్లు.

లైను మూశాక సత్రానికి తాళం పడింది. కొట్లు ఒక్కొక్కటే మూసుకున్నాయి. బావ మాత్రం రోజూ తలుపులు తీసి కూర్చునేవాడు.

ఒకరోజు మధ్యాహ్నం నేను కాయలు కాళ్లతో తిరగేస్తుంటే అక్క అన్నం క్యారేజీ పట్టుకుని వచ్చింది. వెనకాలే బావ కూడా వచ్చి, కాయలు తొక్కి నింపిన టిక్కీ బస్తాల నీడలో కూర్చున్నాడు.

"ఒరేయ్ ఆంజనేయులూ, మీ బావకి నువ్వన్నా చెప్పు," అంది అక్క. "చిలకలూరిపేటలో జిన్నింగు మిల్లువాళ్లు క్యాంటీను ఇస్తామని మళ్లీ కబురు చేశారు. లారీలోళ్లు, కూలోళ్లు, పత్తి తెచ్చే రైతులు. పొయ్యి వెలిగిస్తే ఆర్పే పని ఉండదంట. ఇక్కడ కూర్చుని ఈగలు తోలుకుంటున్నాడు ఈయన."

"ఈగలు కూడా పోయినయ్యే," అన్నాడు బావ. "అవీ పేటకే పోయినట్టున్నయ్."

"నీకు నవ్వులాటగా ఉంది."

"లేకపోతే ఏందే. పేటలో వాళ్లకి టీ కావాలి. ఎవడు పోసినా తాగుతారు. ఇక్కడ బండి దిగినోడు యలమందయ్య ఏడీ అని అడుగుతాడు."

"ఎవడు దిగాడయ్యా ఈ రెండేళ్లలో? మిరపకాయలు దిగినయ్."

బావ నా వైపు చూశాడు. నేను కాయల్లోకి చూశాను. మొగుడూ పెళ్లాల మాటల్లో నాకేం పని?

"సరేనే," అన్నాడు బావ. "మొదటి బండి రానీ. పాత బండి మాదిరి నిలబడి, జనం దిగి మన దగ్గర తిన్నారా, నువ్వు మళ్లీ పేట మాట ఎత్తకూడదు. నిలబడలేదా, మర్నాడే పొయ్యి పగలగొట్టి నీకంటే ముందు నేనే లారీ ఎక్కుతా. వీడే సాక్షి."

"నా మెడకెందుకు చుడతావు బావా," అన్నాను.

"నువ్వెటూ మాట్లాడవు కదరా. సాక్షికి అంతకంటే ఏం కావాలి?"

అక్క నవ్వు ఆపుకోలేక క్యారేజీ మూత తీసింది. అలా వాళ్ల పందెం ఖాయమైంది.

కోటప్పకొండ తిరునాళ్లు వెళ్లాక పని మా ఊరి దాకా వచ్చింది. పసుపు రంగు మిషన్లు, చొక్కాలకి నూనె మరకలతో బీహారు కూలీలు, కొండలా కంకర. మా కాయలు అప్పటికప్పుడు ఎత్తేయమన్నారు. టిక్కీలకి ఎత్తాం గానీ రాళ్ల సందుల్లో పొడి ఉండిపోయింది. కొలతలు తీసుకోవడానికి వచ్చిన ఇంజనీర్లు వరసపెట్టి తుమ్మారు. ఊరంతా ఆ తుమ్ములు చూడటానికి వచ్చింది.

నీళ్ల గొట్టం కోసిన రోజు కూడా ఊరంతా వచ్చింది. ఆ రోజు ఎవరూ నవ్వలేదు. గ్యాసు కట్టరుతో మెడ దగ్గర కోస్తుంటే నిప్పురవ్వలు రాలాయి. అది ఒక్క ఊపున నేల కూలి, పడ్డ చోట మట్టిలోకి దిగబడింది. ఇమ్మానియేలు తలగుడ్డ తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. ఆయన రైల్వేలో ఖలాసీ. పెళ్లి కాకముందు నుంచీ ఇంజనుకి నీళ్లు పట్టడమే ఆయన పని.

"కొత్తది ఎక్కడ పెడతారంట ఇమ్మానియేలూ?" అని అడిగాడు బావ.

"కొత్తదెందుకన్నా? వచ్చేది డీజిలింజను. అది నీళ్లు తాగదు."

"అది తాగకపోతే మానె. జనం తాగరా?"

ఇమ్మానియేలు తలగుడ్డ మళ్లీ చుట్టుకుంటూ అన్నాడు: "జనం కోసం బండి ఎప్పుడాగిందన్నా? ఇంజను కోసం ఆగింది. జనం కోసమని మనం అనుకున్నాం."

బావ మొహం పాలిపోయింది. ఆ మాటలో కొత్తేముంది? డీజిలింజను నీళ్లు తాగదని గుంటూరు వెళ్లొచ్చిన ప్రతివాడికీ తెలుసు. కానీ ఆ సెంటర్లో పుట్టిపెరిగిన ఒక్కరికీ, కొట్లు అమ్ముకోకుండా పట్టుకుని కూర్చున్న ఏ షావుకారుకీ, ఆ తెలిసినదాన్ని తెచ్చి మన గుమ్మం ముందు పెట్టి చూడాలని తట్టలేదు. చుట్టూ చూశాను. అందరూ కింద పడిన గొట్టం వంకే చూస్తున్నారు.

ముందుగా బావే తేరుకున్నాడు. "ఇంత పెద్ద స్టేషన్ని వదిలేసి ఎక్కడికి పోద్దిలే," అన్నాడు.

"ఆగుద్దిలే అన్నా. ఎంతసేపన్నదే తెలవదు. ఇంకో మాట. అది లేచిందంటే లేచినట్టే. పాతదాని మాదిరి మూలగదు. పక్కన నడవమాక."

"నువ్వు నాకు బండి పక్కన నడవడం నేర్పుతావటయ్యా," అని నవ్వాడు బావ. ఇమ్మానియేలు కూడా నవ్వాడు. అంతటితో ఆ మాట అయిపోయింది.

తర్వాత ఒకరోజు నేను వెళ్లేసరికి అక్క నిచ్చెనెక్కి హోటలు గోడలకి సున్నం వేస్తోంది. నాకు మతిపోయింది.

"ఏందక్కా ఇది? పేట వెళ్తానన్నదానివి..."

"వచ్చేపోయేవాళ్లు చూస్తారు కదరా," అంది. నా వైపు తిరగలేదు. "ఆ బకెట్టు ఇటందివ్వు."

బావ అరుగు మీద కూర్చుని గ్లాసులు తోముతున్నాడు. చింతపండు, బూడిద. అడుగున పేరు కొట్టించిన గ్లాసులు. ఒక్కొక్కటీ ఎండకేసి తిప్పి చూసి బోర్లించి పెడుతున్నాడు. అక్క నిచ్చెన మీద నుంచి ఆయన్ని చూస్తోంది. సున్నం మోచేతి నుంచి కారుతున్నా తుడుచుకోవడం లేదు.

ఉగాది వెళ్లిన మూడో రోజున బండి వచ్చింది.

ప్లాట్‌ఫారం రెండు చివర్లా అరటి చెట్లు కట్టారు. నరసరావుపేట నుంచి బ్యాండు మేళం పిలిపించారు. మూసేసిన కొట్లు కూడా ఆ రోజు తలుపులు తీశాయి. అమ్మడానికి ఏమీ లేకపోయినా కడిగి ముగ్గులు పెట్టారు. సత్రం గుమ్మానికి మామిడాకులు కట్టారు. అక్క చీకటితో లేచి పులిహోర కలిపింది, గారెల పిండి రుబ్బించింది. బావ తెల్లచొక్కా వేసుకున్నాడు. నన్ను మజ్జిగ బకెట్టు పట్టుకోమన్నాడు.

"ఇద్దరం చెరో వైపు నుంచా?" అన్నాను.

"నా వెనకే రా. కంగారు పడబాక. ఇరవై నిమిషాలంటే చాలా టైమురా."

బండి వచ్చింది. ఎంత పెద్దదో అప్పుడు తెలిసింది. పాత బండి కిటికీలు బావ భుజం ఎత్తున ఉండేవి. ఈ కిటికీలు ఆయన నెత్తి పైన ఉన్నాయి. ప్లాట్‌ఫారం ఎత్తు లేపే పని తర్వాత చేస్తామన్నారట. బావ మెడ ఎత్తి చూశాడు. ఆయన మెడెత్తి బండిని చూడటం నేనెప్పుడూ చూడలేదు.

ఇంజనుకి దండలు వేసే చోట జనం మూగారు. బండిలోంచి మాత్రం దిగినవాళ్లు కొద్దిమందే. దిగినవాళ్లు కూడా ఒక చేత్తో కమ్మీ పట్టుకునే నిలబడ్డారు. ఒక కిటికీలోంచి చంటిపిల్లతో ఉన్న ఆవిడ, "మజ్జిగుందా బాబాయ్?" అని అడిగింది. బావ మొహం వెలిగింది. మునివేళ్ల మీద లేచి గ్లాసు అందించాడు. ఇంకొకరు, మరొకరు. చేతులు బయటికి వచ్చాయి. నేను ముంచి ఇవ్వడం, ఆయన అందించడం. ఒక పెట్టె అయింది, రెండోది మొదలైంది. పళ్లెంలో గ్లాసులన్నీ అయిపోయాయి.

"చూశావా," అన్నాడు నాతో. "మీ అక్కని గారెలు దించమని కేకెయ్యి."

నేను హోటలు వైపు తిరిగానో లేదో, హారను మోగింది.

బావ ఇంజను వైపు చూశాడు. ఏదో పొరపాటనుకున్నాడు. బండి కదిలింది. కిటికీల్లోంచి చేతులు, చేతుల్లో గ్లాసులు బయటికి వచ్చాయి. కొన్నింట్లో సగం మజ్జిగ అలాగే ఉంది. బావ నవ్వుతూనే నడక మొదలుపెట్టాడు. ఆ నడక నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. మొదటి నాలుగు గ్లాసులు అందుకున్నాడు. ఐదోది అందేసరికి అది నడక కాదు, పరుగు. చంటిపిల్ల తల్లి కిటికీలోంచి నడుము దాకా వంగి చెయ్యి చాపింది. బావ ఎప్పటిలాగే ఎడంచేత్తో కమ్మీ పట్టుకుని, కుడికాలు మెట్టు మీదికి వేశాడు.

ఆయన కాలు వేసిన ఎత్తులో మెట్టు లేదు.

నేను చూసింది అంతే. తెల్లచొక్కా ఒకసారి తిరగడం, తర్వాత పెట్టెలు, పెట్టెలు, పెట్టెలు. ఆఖరి పెట్టెలోంచి గార్డు పచ్చజెండా ఊపుతూ మా అందరికీ నవ్వుతూ నమస్కారం పెట్టాడు. అతనికి తెలియదు. ముందువైపు బ్యాండువాళ్లకీ తెలియదు. వాళ్లు వాయిస్తూనే ఉన్నారు. చాలాసేపు వాయించారు. ఎవరో లడ్డూలు పంచుతున్నారు. ఒకతను నా చేతిలో కూడా పెట్టి వెళ్లాడు. బండిలో జనం మంచివాళ్లు. ఊరి గ్లాసులు తీసుకుపోవడం ఇష్టం లేక, గేటు దాకా కిటికీల్లోంచి బయటికి విసిరేస్తూ వెళ్లారు. అవి కంకర మీద పడి టంగు టంగుమంటున్నాయి.

అందరికంటే ముందు పరిగెత్తింది ఇమ్మానియేలు. తలగుడ్డ లాగి బావ తొడ దగ్గర బిగించి కట్టాడు. ఎవరి జీపో వెనక్కి తిప్పమని అరుస్తున్నాడు. నేను బకెట్టు కింద పెట్టలేదు. ఎందుకో పెట్టలేకపోయాను.

అప్పుడు అక్క హోటల్లోంచి బయటికి వచ్చింది. రెండు చేతులతో గారెల పళ్లెం. చెమటకి జుట్టు మొహానికి అతుక్కుపోయి ఉంది. ఖాళీ పట్టాల వంక చూసింది.

"బండి అప్పుడే పోయిందేందిరా?" అంది. "ఇప్పుడేగా వచ్చింది. మీ బావేడి?"



గుంటూరు ఆసుపత్రిలో కుడికాలు మోకాలి కింద నుంచి తీసేశారు. ప్రాణానికి భయం లేదన్నారు. అక్క ఏడవలేదు. పక్క మంచం వాళ్లు అడిగితే రైలు అని ఒక్క ముక్క చెప్పి ఊరుకునేది. రావిగుంట నుంచి చూడటానికి వచ్చినవాళ్లు కూడా కాసేపు గోడవార నిలబడి వెళ్లిపోయేవాళ్లు. ఏం మాట్లాడినా బండి మాట వస్తుంది. సెంటర్లో ఆ రోజు తెరిచిన తలుపులు మళ్లీ వేసేశారని మాత్రం ఇమ్మానియేలు చెప్పాడు.

బావకి మత్తు పూర్తిగా వదిలిన రోజు దుప్పటి వంక చూసుకున్నాడు. చెయ్యి వేసి తడుముకోలేదు. చూసుకున్నాడంతే. తర్వాత నన్ను పిలిచాడు.

"బండి ఎంతసేపు ఆగిందిరా?"

నేను అక్క వంక చూశాను. అక్క కిటికీ వంక చూస్తోంది.

"నిన్నే. సాక్షివి నువ్వే కదా."

"రెండు నిమిషాలు బావా."

"రెండే?"

"రెండే. రోజూ అంతేనంట. ఇమ్మానియేలు చెప్పాడు."

పైన తిరిగే ఫ్యాను వంక చూశాడు. "అయితే మీ అక్కే గెలిచింది," అన్నాడు. "పేటకి కబురు చెయ్యి, వస్తున్నామని. కూర్చుని టీ కాచడానికి రెండు కాళ్లెందుకు? ఏమే, వింటున్నావా? మాటంటే మాటే."

"వింటున్నా," అంది అక్క. "చెప్పిస్తాలే. నువ్వు పడుకో."

ఆయన కళ్లు మూసుకున్నాడు. ఇద్దరం వరండాలోకి వచ్చాం. వచ్చేపోయే రోగులకి దారి వదిలి ఒక వారగా నిలబడ్డాం.

"పొద్దున్నే బస్సెక్కి పేట వెళ్లి మిల్లువాళ్లతో మాట్లాడి వస్తానక్కా," అన్నాను.

"వద్దు."

"ఏం?"

"అది వేరేవాళ్లకి ఇచ్చేశారు."

నాకు అర్థం కాలేదు. "ఎప్పుడు? మనం రాలేదనా?"

"రామని నేనే చెప్పాను." చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ చెప్పింది. "తిరునాళ్లు వెళ్లాక మిల్లు గుమస్తా వచ్చాడు. ఇదే ఆఖరుసారి, ఏదో ఒకటి చెప్పమన్నాడు. మీ బావ దొడ్లో గ్లాసులు తోముతున్నాడు. రెండేళ్ల నుంచి మనిషి నోరు తగలని గ్లాసులు, రోజూ తోముతున్నాడ్రా. చూడలేకపోయాను. మా బండి వస్తుందయ్యా, మేం రాం అని చెప్పి పంపించేశా. ఆయనకి చెప్పలా. చెప్తే పందెం ఏముంటుందిలే, బండి ఆగినాక చెప్పి నవ్విద్దామనుకున్నా."

నేను గోడకి ఆనుకున్నాను. స్టేషన్లో చూసినదానికంటే ఇదే నాకు గట్టిగా తగిలింది. ఎందుకో ఇప్పటికీ చెప్పలేను. ఆమె గోడలకి సున్నం వేస్తుంటే బకెట్టు అందించినవాణ్ణి నేనే.

"ఆగుద్దనే అనుకున్నాన్రా ఆంజనేయులూ," అంది అక్క. అప్పుడు ఏడ్చింది. అంతమందిలో, శబ్దం లేకుండా.

నేను ఆ సాయంత్రమే ఊరెళ్లాను. ధర వస్తుందని ఆపిన టిక్కీలన్నీ గదిలోంచి బయటికి లాగి, నేల కడిగి, ఘాటు పోవడానికి తలుపులు బార్లా తీసి, మంచం వేశాను. బావని ఇంటికి తెచ్చాక, పేట వెళ్లే ముందు నాలుగు రోజులు మా ఇంట్లో ఉండమని ఆయనతో చెప్పమంది అక్క. అలాగే చెప్పాను. సరేనన్నాడు.

నాలుగు రోజులు అయ్యాయి. ఆ ఎండాకాలం అయింది, వానలు పడ్డాయి, మళ్లీ మిరపనారు పోశాం. పేట ఎప్పుడు వెళ్తున్నామని బావ ఒక్కసారి కూడా అడగలేదు.